మా బావికి నింద తెచ్చిన సారు

మా మనవరాలి స్కూల్లో సైన్స్ ప్రాజెక్టు ఇచ్చారు. నీళ్లు వడగట్టే నమూనా ఒకటి చేసి తీసుకురావాలట. ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి వనపర్తి బజారుకు పోయి, తయారుగా ఉన్నదాన్ని కొనుక్కొచ్చింది. ఒక ప్లాస్టిక్ సీసా. దాంట్లో వరసగా గులకరాళ్లు, ఇసుక, బొగ్గు, దూది. ఒక్కో వరసకు రంగు కాగితం మీద పేరు అచ్చు వేసి అతికించారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నేను చెంబులో ఇంత మట్టి కలిపి నీళ్లు తెచ్చాను.

"పట్టు, పోసి చూద్దాం" అన్నాను.

పిల్ల సీసాను గుండెకు హత్తుకుంది. "వద్దమ్మమ్మా. నీళ్లు పోస్తే గమ్ము ఊడిపోతదంట. దుకాణమాయన చెప్పిండు."

"నీళ్లు పొయ్యకుంటే ఇది వడగడ్తదో లేదో ఎట్ల తెలుస్తదే?"

"ఇది మాడల్. వడగట్టేది కాదు."

"మీ మేడమన్నా పోసి చూస్తదా?"

"మేడం మార్కులు వేస్తది."

లోపలి నుంచి మా అమ్మాయి, "నువ్వు జర ఊకుంటవా అమ్మా? రేపు బస్సుల పగలకుండ పోతే సాలు" అంది.

నేను మట్టినీళ్లు వాకిట్లో పారబోసి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఒళ్లంతా మంటెత్తిపోయింది. నీళ్లు పోయకూడని ఫిల్టరుకు నూటికి తొంభై మార్కులు వస్తాయి. నా చిన్నప్పటి సైన్స్ సారు ఆ సీసాను చూసి ఉంటే ఏమనేవాడో ఊహించుకున్నాను. ఏమీ అనడు. చెంబు తీసుకుని నీళ్లు పోసేస్తాడు. తర్వాత ఎవరు ఏడ్చుకున్నా ఆయనకు పట్టదు. నేను ఆ సారు చేతిలో ఏడ్చినదాన్నే.

మా పుట్టినూరు గద్వాలకూ మల్దకల్‌కూ నడుమ ఉంటుంది. ఎర్ర నేలలు, వేరుశనగ చేన్లు, ఆముదాలు. వాన పడితే పంట, లేకపోతే పూనాకో బొంబాయికో పయనం. బడికి మూడు గదులు. మూడో గదిలో పెద్ద సారు కూర్చునేవాడు. ఆయన కుర్చీ వెనక ఆకుపచ్చ ఇనుప అల్మార ఒకటి ఉండేది. అందులో సైన్సు సామాను ఉందని అందరం వినడమే, చూసినవాళ్లు లేరు. మధ్యాహ్నం ఉప్మాకు వచ్చిన రవ్వ సంచులు దానికి అడ్డంగా పేర్చి ఉండేవి. ఆ గదిలోకి పోతే ముక్కిన వాసన, ఎలుకల వాసన. సైన్సంటే నాకు చాలాకాలం ఆ వాసనే.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన వారంలో సైన్స్ సారు వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ఒక చెప్పుకు పట్టీ తెగి తీగతో కట్టుకున్నాడు. రాగానే అల్మార తెరవమన్నాడు.

"గవర్మెంటు సామాను సారూ" అన్నాడు పెద్ద సారు. "పిల్లలు ముట్టుకోని పగలగొడ్తే జవాబెవరు చెప్పాలె?"

"ముట్టుకోకుంటే వాళ్లకెట్ల తెలుస్తది?"

"పుస్తకంల బొమ్మలున్నయి గద. అవి చూపియ్యి."

సైన్స్ సారు అక్కడి నుంచి నేరుగా మా తరగతికి వచ్చాడు. "రేపు మీ ఇంటికెళ్లి చిటికెడు పసుపు తెండి" అన్నాడు. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

తెల్ల గుడ్డపేలికకు పసుపు పూయించాడు. దాని మీద సబ్బునీళ్లు చల్లమన్నాడు. పసుపు ఎర్రబడింది. మేమంతా నోళ్లు తెరిచాం. ఎందుకు సార్ అని అడిగితే, "ఇంకేమేం పోస్తే ఎర్రగైతదో చూసి రాండి. అప్పుడు మాట్లాడుదాం" అన్నాడు. ఆ మాటతో ఊరి మీద పడ్డాం. సున్నం, పొయ్యి బూడిద కలిపిన నీళ్లు, మజ్జిగ, చింతపులుసు, ఏది దొరికితే అది. సున్నానికి, బూడిదకు ఎర్రబడింది. చింతపులుసు పోస్తే మళ్లీ పసుపుపచ్చగా వచ్చింది. ఇప్పుడన్నా చెప్పండి సార్ అంటే, "అట్లయితే సున్నం, బూడిద, సబ్బు, ఈ మూడిటికీ చుట్టరికమేంది?" అని ఎదురు అడిగాడు. ఆయనకు జవాబు తెలుసు. తెలిసీ చెప్పడు. మిగతా సార్లు చెప్పి రాసుకోమంటే రాసుకుని, ఉప్మా తిని ఇంటికి పోయేవాళ్లం. ఈయన వచ్చాక అన్నం తింటున్నా బుర్రలో ఒకటి తిరుగుతూనే ఉండేది. చిరాకు పుట్టేది.

మా నాయినమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె చీర కొంగు మీద పసుపు మరక ఉంటే నేను సబ్బు రాసి చూశాను. కొంగంతా నెత్తురు పడ్డట్టు అయ్యింది. అవ్వకు కండ్లకు పొరలు వచ్చి సరిగ్గా కనపడేది కాదు. పక్కింటామె చూసి "అయ్యో, ఏం తాకింది పెద్దమ్మా" అని పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ పరేషాన్ అయ్యారు. సంగతి తెలిశాక అవ్వ రొట్టె పెనం ముందు కూర్చుని నా వీపు మీద రెండు వేసింది.

"సదువు చెప్పమంటే ఇల్లు ఊడ్చుకపోతుండు మీ సారు" అంది, జొన్నరొట్టె తట్టుతూ. "మొన్న పసుపు. నిన్న నిమ్మకాయ. ఇయ్యాల మాడిపోయిన బల్బంట. మాడిపోయిన బల్బుతోని ఏం సదువు చెప్తడే?"

ఆ బల్బు సంగతి నిజమే. ఊర్లో కరెంటున్న ఇండ్లు కొన్నే. మాడిపోయిన బల్బు కోసం దొరల ఇంటి వెనక పెంటకుప్ప అంతా వెతికాం. సారు దాని మూతి దగ్గర మెల్లగా తొలిచి, లోపలి తీగలు తీసేసి, నీళ్లు నింపాడు. దాని వెనక చీమను పెడితే చీమ చింతగింజంత అయ్యింది. వేలు పెడితే వేలి గీతలు దున్నిన చేనులా కనిపించాయి. రవ్వ సంచుల వెనక అల్మారలో భూతద్దం ఉంటే మాత్రం ఎవరికి కావాలి ఇంక. ఆ రోజు ఇంటికి పోయి నేను పేనును, పెసరగింజను, మా అమ్మ ముక్కుపుడకను, దొరికినదాన్నల్లా బల్బు వెనక పెట్టి చూశాను.

ఆపైన సారు కొంచెం అతి చేశాడని ఇప్పటికీ అనుకుంటాను. ఊపిరి పాఠం వచ్చింది. మాంసం కొట్టేవాళ్ల పిల్లతో గొర్రె ఊపిరితిత్తులు తెప్పించాడు. వాటి గొట్టంలో బొప్పాయి కాడ దూర్చి ఊదమన్నాడు. ముడుచుకుపోయిన ముద్ద బూరలా ఉబ్బింది. కాడ తీసేస్తే బుస్సుమని కుంగింది. మేమంతా నేను ముందంటే నేను ముందని తోసుకున్నాం. నెత్తురు నీచు వాసనలో, నా వంతు వచ్చినప్పుడు నేను కూడా గట్టిగా ఊదాను. సాయంత్రానికి ఊర్లో సగం మంది బడి ముందు నిలబడ్డారు. మాంసం ముట్టనివాళ్ల పిల్లలు కూడా ఆ కాడను నోట్లో పెట్టుకున్నారు మరి. పెద్ద సారు అందరికీ దండాలు పెట్టి పంపించి, మా తరగతికి వచ్చి, "ఇగ మీద ఏ పిల్ల గానీ పిలగాడు గానీ ఇంటికెళ్లి ఏ వస్తువూ తేవొద్దు. ఉప్పురాయి గూడ తేవొద్దు" అని సైన్స్ సారు వైపు చూడకుండా చెప్పి వెళ్లిపోయాడు.

అదే రోజుల్లో మా నాయినకు కాలికి నారికురుపు లేచింది.

ఇప్పటివాళ్లకు ఆ పేరు తెలియదు, తెలియకపోవడమే మంచిది. చీలమండ దగ్గర ముందు దురద, మంట, బొబ్బ. బొబ్బ పగిలి దాంట్లోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. గట్టిగా లాగితే తెగి లోపలే కుళ్లి కాలు వాచిపోతుంది. అందుకని చిన్న పుల్లకు దాని కొస చుట్టి, రోజూ కొంచెం కొంచెం తిప్పుకుంటూ ఉండాలి. అది పూర్తిగా వచ్చేదాకా మనిషి మంచం మీదే. ఏటా తొలకరి ముందే ఊర్లో ఎంతోమందికి లేచేది. సరిగ్గా విత్తనాలు వేసే వేళకు మగవాళ్లు, ఆడవాళ్లు అరుగుల మీద కాళ్లు చాపుకుని, ఒక్కొక్కరి కాలికి ఒక్కో పుల్ల. ఉల్లిగడ్డ నూరి ఆముదంతో కట్టిన కట్లు. ఇల్లిల్లూ అదే వాసన.

మొదటి వాన పడింది. ఎర్రమట్టి వాసన ఇంట్లోకి వస్తోంది. వేరుశనగ విత్తనాలు ఒలిచి సంచిలో పోసి ఉన్నాయి. నాయిన మంచం మీద కూర్చుని పక్క చేనువాళ్లు గుంటక తోలుకుంటూ పోవడం చూస్తున్నాడు. ఒక పూట లేవబోయి పడ్డాడు. అవ్వ, "పాడు రక్తం పోతుంది, పోనీ. మల్దకల్ తిమ్మప్పకు మొక్కిన. పైయేడు రాదు" అంది. అంతకు ముందటేడు కూడా ఆమె ఆ మాటే అన్నది.

నీళ్లు మోసే పని నా మీద పడి నేను బడికి పోలేదు. సారు వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. నాయిన కాలు చూశాడు. ఆ పుల్లను చాలాసేపు చూశాడు.

"తాగేది ఏ బావి నీళ్లు?" అన్నాడు.

అవ్వ నిటారుగా కూర్చుంది. "ఏ బావి ఏంది? ఊరంత తాగేది మా బావే. మా మామ తొవ్విచ్చిండు. అడుగుదాక రాతి మెట్లు కట్టిచ్చిండు. కరువుల గూడ ఎండలే. ఎవ్వరి కులం అడగకుంట నీళ్లిచ్చిన బావి అది."

"అందరు మెట్లు దిగే ముంచుకుంటరా? కురుపున్నోళ్లు గూడ?"

"దిగకుంటే నీళ్లు ఎగిరొస్తయా సారూ?"

సారు తల ఊపి వెళ్లిపోయాడు.

మరునాడు నన్ను బడికి పంపించమని కబురు చేశాడు. పోయేసరికి తరగతిని బయట ఎండలో నిలబెట్టి ఉన్నాడు. బడి కుండలోంచి గాజు సీసాలో నీళ్లు పోసి పైకెత్తి పట్టుకున్నాడు. పెద్ద సారు ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఏం తేవొద్దని చెప్పిన గద."

"ఎవ్వరింటి నుంచి ఏం రాలేదు సార్. మన కుండల నీళ్లే ఇవి."

వెనక నల్ల గొడుగు పట్టుకుని చూస్తే, నీళ్లలో తెల్లటి నలుసులు. దుమ్ము అనుకున్నాం. దుమ్ము అయితే కిందికి దిగుతుంది. ఇవి పైకి, పక్కకు, ఉండుండి ఎగిరిపడుతున్నాయి. బల్బు వెనక పెట్టి చూస్తే ఒక్కోదానికి తోక ఉంది. సారు ఇంకో సీసా మూతికి తన పంచె కొస నాలుగు మడతలు వేసి, దాని మీదుగా అవే నీళ్లు పోశాడు. ఆ సీసాలో ఏమీ ఎగరలేదు. వడగట్టిన నీళ్లు కొంచెం మొదటి సీసాలో పోసి, పంచె కొసను తిరగేసి దాంట్లో కడిగితే మళ్లీ అన్నీ ఎగిరాయి.

"నారికురుపున్న కాలు నీళ్లల్ల పెడ్తే, ఆ పురుగు పిల్లలను నీళ్లల్ల ఇడుస్తది. ఈ ఎగిరేటియి వాటిని తింటయి. వీటిని మనం తాగుతం. ఏడాదికి ఆ పురుగులే పెరిగి మన కాలుల తేలుతయి" అన్నాడు. నాకు గుర్తున్నంతలో, మేం అడగకుండానే ఆయన జవాబు చెప్పింది ఆ ఒక్కసారే. దానికీ ఒక తోక తగిలించాడు. "నేను చెప్తే నమ్మకుండ్రి. చూసుకోండి."

మిగతా పిల్లలు నా వైపు తిరిగారు. "ఓయ్, మీ బావిల పురుగులంట" అన్నాడొకడు. వాడి జుట్టు పట్టుకున్నాను. ఏడుస్తూ ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. అవ్వ చేతికర్ర తీసుకుంది. నా భుజం పట్టుకుని బడిదాకా నడిచింది. వెనక అమ్మ, అమ్మ వెనక దారిలో ఎదురైనవాళ్లంతా.

"ఏముందయ్యా మా నీళ్లల్ల?" అంది అవ్వ.

సారు సీసా అందించాడు. "ఇగో అమ్మా, తెల్లగ ఎగురుతున్నయి."

"నాకేం కనపడ్తలేదు."

"ఈ బల్బుల నుంచి చూడు."

"బల్బే కనపడ్తలేదు నాకు."

ఎవరో నవ్వారు. అవ్వ కర్రను నేలకు తట్టింది. "నాకు కనపడ్తలేదు. మా మామకు కనపడలే. ఇన్నేండ్లు తాగినోళ్లకెవ్వరికీ కనపడలే. నిన్న బస్సు దిగినోనికి కనపడ్డదా? నీళ్లిచ్చిన మనిషి పేరు బద్నాం చేస్తవా?"

సారు ముఖంలో విసుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. సీసాను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చూడలేని మనిషికి చూపించి ఒప్పించడం ఎట్లాగో ఆయనకు తెలియలేదు. ఊరి పెద్దమనుషులు, మాఫీ అడుగు, లేదా మూట సర్దుకో అన్నారు. పెద్ద సారు చెమటలు తుడుచుకుంటూ "అడుగు సారూ, అడిగితే అయిపోతది" అని బతిమాలాడు.

"అడుగుత" అన్నాడు సారు. అవ్వ ముందు చేతులు జోడించాడు. "అమ్మా, మీ మామ పెద్ద పని చేసిండు. ఆయనను నేనేమన్లే. మాఫ్ చెయ్యి. నీళ్లు మాత్రం గుడ్డల వడగట్టుకోని తాగుండ్రి. కురుపున్నోళ్లు మెట్లు దిగకుండ్రి."

"సూసిన్రా, మల్ల అదే మాట" అని అవ్వ వెనుదిరిగింది.

ఆ సాయంత్రం అవ్వ నీళ్ల బిందె దింపబోతే చేతికి గుడ్డ తగిలింది. అమ్మ తన పాత గద్వాల చీర చింపి, మడతలు వేసి బిందె మూతికి కట్టింది. మా అమ్మ అప్పటిదాకా అత్తకు ఎదురు మాట్లాడగా నేను వినలేదు.

"మా మామ బావికి గుడ్డ కడ్తవా?" అంది అవ్వ.

"బావికి గాదత్తా. బిందెకు."

"ఆ సారు మాట ఇని ఇంటి పరువు తీస్తవా?"

"ఇత్తనాలు సంచిల ఉన్నయి, మీ కొడుకు మంచంల ఉండు" అంది అమ్మ, పొయ్యి ఎగదోస్తూ. "పరువుతోని చేను ఇత్తుతమా? ఆ పెద్దాయన ఉంటే ఆయనే కట్టుమంటుండె."

అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు. నీళ్లు కూడా తాగలేదు. పొద్దున దాహానికి తట్టుకోలేక ఆ బిందెలోవే తాగింది.

ఆ ఏడు మా చేను సగం బీడుగానే ఉండిపోయింది. ఊర్లో సగం ఇండ్లలో పిల్లల పోరు పడలేక బిందెలకు గుడ్డలు కట్టారు. మిగతావాళ్లు ఆ గుడ్డల్ని చూసి, బిందెకు కూడా కురుపు లేచిందా అని ఎగతాళి చేశారు. దసరా రాకముందే సారును నాగర్‌కర్నూల్ వైపు మార్చారు. ఎవరు మార్పించారో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆయన పోయిన మరునాడు పెద్ద సారే మా తరగతికి వచ్చి, పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు చెప్పి రాసుకోమన్నాడు. మొదట్లో హాయిగా అనిపించింది. రెండు రోజులకు విసుగొచ్చింది. ఎందుకు సార్ అని నేను ఒకసారి అడిగితే, "పరీక్షల ఎందుకు అని రాదు" అన్నాడు.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఇంట్లో అందరి కండ్లూ నాయిన కాళ్ల మీదే. స్నానం చేసి వస్తే అమ్మ తుండుగుడ్డ ఇచ్చే నెపంతో చీలమండలు చూసేది. ఆయన గోక్కుంటే ఉలిక్కిపడేది. తొలకరి పడింది. ఏమీ లేవలేదు. నాయిన గుంటక కట్టి చేనుకు పోయాడు, పొద్దుగూకేదాకా ఇంటికి రాలేదు. ఆ రోజు అమ్మ పచ్చిపులుసు చేసి, కోడిగుడ్లు ఉడకబెట్టింది.

"తిమ్మప్ప మొక్కు తీర్చిండు" అంది అవ్వ.

అమ్మ గరిటె కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది.

విత్తడం అయ్యాక నాయిన చిన్న సంచిలో ఎండు శనక్కాయలు పోసుకుని నన్ను వెంటబెట్టుకుని సారును చూడ్డానికి బయలుదేరాడు. గద్వాలలో ఒక బస్సు, వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్ దాటి ఇంకొకటి. బడి వెతుక్కుంటూ పోయేసరికి సారు పిల్లలతో కలిసి మోకాళ్ల మీద కూర్చుని చీమల పుట్ట ముందు చక్కెర, ఉప్పు, పిండి వేరువేరుగా పోయిస్తున్నాడు. చెప్పుకు తీగ అట్లాగే ఉంది. నాయిన కాలు చాపి చూపించాడు.

"రాలే సారూ. ఇంట్ల ఎవ్వరికీ రాలే."

సారు సంతోషంతో లేచి కౌగిలించుకుంటాడని నేననుకున్నాను. ఆయన లేవలేదు. "ఊర్ల మిగిలినోళ్లకు?" అన్నాడు.

"మిగిలినోళ్ల సంగతి నాకెట్ల తెలుస్తది?"

"గుడ్డ కట్టనోళ్లకు గూడ రాలేదనుకో. అప్పుడు గుడ్డ చేసిందేముంది? ఈ యేడు అందరికీ తక్కువ ఉండొచ్చు. మీ అమ్మ మొక్కు గూడ కావొచ్చు." నా వైపు తిరిగాడు. "కట్టినోళ్ల ఇండ్లల్ల ఎంతమందికి లేచింది, కట్టనోళ్ల ఇండ్లల్ల ఎంతమందికి లేచింది, చూసి రా. అప్పుడు మాట్లాడుదాం."

తిరుగు బస్సులో నాయిన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద మాత్రం ఒకసారి నోరు విప్పాడు. "నాలుగు మంచి మాటలు చెప్దామని ఇంత దూరమొస్తే, నాకే పరీక్ష పెట్టిండు."

నాకు కూడా మండిపోయింది. కానీ ఆ ప్రశ్న ఇంటిదాకా నాతోనే వచ్చింది. మరునాడు నేను, నా తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి రెండు గుడ్డ సంచులు తీసుకున్నాం. జేబుల నిండా చింతగింజలు. ఇల్లిల్లూ తిరిగాం. ఈ యేడు మీ ఇంట్లో ఎంతమందికి కురుపు లేచింది అని అడిగి, మనిషికొక గింజ. బిందెకు గుడ్డ కట్టే ఇల్లయితే ఒక సంచిలో, కట్టని ఇల్లయితే రెండోదాంట్లో. కొందరు చెప్పారు. కొందరు చీపురు ఎత్తారు. అరుగు మీద కాలు చాపుకుని పుల్ల తిప్పుకుంటున్న ఒకాయన, "గింజ ఏసుకో బిడ్డా, ఏసుకోని పో" అని తలగడలో ముఖం పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అవ్వ అరుగు మీద ఆముదపు గింజలు కొడుతోంది. సంచుల చప్పుడు విని, ఏందే అది అంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నా ముందల పొయ్యి" అంది. ఆమె ముందు రెండు కుప్పలు పోశాను.

అవ్వ చేతులతో తడిమింది. ఒక కుప్ప ఆమె రెండు అరచేతులకు మించి పొర్లింది. "ఇది ఎవరిది?"

"గుడ్డ కట్టనోళ్లది."

పక్కకు చెయ్యి జరిపింది. వేళ్లకు కొన్ని గింజలే తగిలాయి. "ఇది?"

"కట్టినోళ్లది. వాళ్లు చేన్ల కాడ గుంటల నీళ్లు తాగిన్రంట."

"మనింటి గింజ యాడుంది?"

"మనింట్ల ఎవ్వరికీ రాలేదు గదవ్వా. మనకు గింజ లేదు."

అవ్వ మళ్లీ పెద్ద కుప్ప మీద చెయ్యి పెట్టింది. తీసి చిన్న కుప్ప మీద పెట్టింది. మళ్లీ పెద్దదాని మీద. గింజల్ని మెల్లగా, ఒక్కొక్కటిగా వేళ్లతో తాకింది. తర్వాత నా ముందుకు చెయ్యి చాపింది.

"ఒక గింజ ఇయ్యి."

"ఎందుకవ్వా?"

"మీ తాతకు మోకాలికి లేచిండె. తెగింది. దవాఖానకు ఎడ్లబండి కట్టేలోపల చీము పట్టి పోయిండు. మీ నాయిన అప్పుడు చంకల ఉండె." నేను ఇచ్చిన గింజను పెద్ద కుప్ప మీద పెట్టింది. దాన్ని వేలితో అదిమి పట్టుకుంది. "ఆయనది గూడ ఉండాలె."

మా తాత ఎట్లా పోయాడో నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మరునాడు పొద్దున అవ్వ తన పెట్టెలోంచి మెత్తటి చీర ఒకటి తీసి అమ్మ ఒడిలో పడేసింది. "ఆ గుడ్డ పల్చబడ్డది. దీన్ని చింపు. చేనుకు నీళ్లు తీస్కపోయే సొరబుర్రకు గూడ కట్టు" అంది. ఆ మాటన్నప్పుడు కూడా ఆమె గొంతులో చిరాకే. సారును ఒక్క మంచి మాట అనలేదు, చనిపోయేదాకా ఆయన ఆమెకు ఇల్లు ఊడ్చుకపోయిన సారే. కానీ కాలికి కట్టుతో ఎవరన్నా బావి మెట్ల మీద అడుగు పెట్టినట్టు చప్పుడు వినిపిస్తే, కర్ర పట్టుకుని బయలుదేరేది.

తర్వాత బోరింగులు వచ్చాయి, ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. నారికురుపు మాటే లేకుండా పోయింది. బావిని మట్టితో పూడ్చేశారు. నేను పెండ్లయి వనపర్తికి వచ్చాను.

ఆ చింతగింజల లెక్క సారుకు చెప్దామని నేను నాయినను ఎంత పోరానో. "మల్ల పోతే ఇంకో పరీక్ష పెడ్తడు, నేను పోను" అని ఆయన మొండికేశాడు. నా అంతట నేను బస్సెక్కే వయసొచ్చాక ఆ బడికి పోతే, సారును అక్కడి నుంచి కూడా ఎప్పుడో మార్చారట, ఎక్కడికో ఎవరికీ తెలియదు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. అడగకుండా ఉండలేని ప్రశ్న నెత్తిన పెట్టి, ఊరంతా తిప్పి జవాబు వెతికించాడు. తీరా అది దొరికాక, వినడానికి ఆయన లేడు.